ఏడో నంబరు బిబ్

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఒకటో ఏట. అందుకే ఈ సంగతి ఇంతకుముందు రాయలేకపోయాను. మా తాత విశాఖపట్నం వైపు నుంచి సింగపూరుకు కూలికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. ఐదుగురు పిల్లల్లో పెద్దదాన్ని. అమ్మ నాలుగిళ్లలో బట్టలు ఉతకడానికి వెళితే, చిన్నవాళ్లను చూసుకోవడం నా పని. వాళ్లు చదువుకున్నారు, నేను వాళ్లని బడి గేటు దాకా దింపి వచ్చేదాన్ని. అంకెలు మాత్రం బస్సుల మీద చూసి నేర్చుకున్నాను.

2000 ఆగస్టు నాటికి ఒక విశ్వవిద్యాలయం క్రీడా కేంద్రంలో స్టోర్ అటెండెంట్‌గా నాకు పదకొండేళ్ల సర్వీసు. నా పై అధికారి స్పోర్ట్స్ ఆఫీసర్ మిస్టర్ టాన్. బంతులు, వలలు, బూట్లు, బిబ్‌లు నా బాధ్యత. బిబ్ అంటే చొక్కా మీద తొడుక్కునే, నంబరు వేసిన చేతుల్లేని పైతొడుగు.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మనవాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఝాన్సీ అనే అమ్మాయి వాళ్ల అన్న కూడా అలా వచ్చినవాడే. జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాట్ తీసుకుని, గుంటూరు నుంచి చెల్లెల్ని రప్పించి మా దగ్గర ఇంజనీరింగ్‌లో చేర్చాడు. ఒకరోజు ఆ పిల్ల స్టోరు కిటికీ దగ్గర నిలబడి, నా మాట విని తెలుగువాళ్లమని పోల్చుకుంది.

"ఆంటీ, స్పోర్ట్స్ కోటా సీటు లేనివాళ్లని ఫుట్‌బాల్ ఆడనివ్వరు కదా?" అని అడిగింది.

మన దేశం నుంచి వచ్చే పిల్లలందరికీ ఉండే అనుమానమే అది. నేను చెప్పాను: అమ్మాయిల జట్టులో ఆట మీద స్కాలర్‌షిప్ ఉన్నది ఇద్దరికే. మిగతావాళ్లంతా ఓపెన్ ట్రయల్‌కి వచ్చి ఎంపికైనవాళ్లు. అక్కడ కుదరకపోతే హాస్టల్ జట్టు ఉంది, హాస్టళ్ల మధ్య పోటీలు ఉంటాయి. అదీ కాకపోతే ఆదివారాలు ఆడే బయటి క్లబ్బులు. సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

హాస్టల్ దారి ఆమెకు లేదు, ఉండేది అన్న దగ్గర. ఆదివారం ఇంట్లో వంట ఆమెదే. శనివారాలకి అన్న అప్పుడే జావా క్లాసు మాట్లాడాడు. జట్టు ప్రాక్టీసు కూడా శనివారమే. జట్టు లిస్టులో పేరు ఉంటే క్లాసు మానెయ్యి, లేకపోతే ఈ శనివారం నుంచే చేరు అన్నాడట. అంటే ఆమెకు మిగిలింది ఒక్క ట్రయల్.

ట్రయల్ పద్ధతి ఇది. టేబుల్ దగ్గర మిస్టర్ టాన్ బిబ్ ఇచ్చి, రిజిస్టర్‌లో నంబరు ఎదురుగా పేరు రాస్తాడు. కోచ్‌కి పేర్లు తెలియవు, నంబర్లు చూసి మార్కులు వేస్తాడు. ఆట అయ్యాక బిబ్‌లు నా కిటికీ దగ్గర వాపసు. స్టోరు నుంచి అరువిచ్చిన బూట్లు కూడా వెనక్కి తీసుకోవాలి కాబట్టి, బిబ్ తీసుకుంటూ ప్రతి నంబరు పక్కన నా నోటుబుక్‌లో ఒక బొమ్మ గీసేదాన్ని: అడుగున బొడిపెలున్న మా బూట్లయితే చుక్కలున్న జోడు, సొంతవైతే చుక్కల్లేని జోడు. నేను నా భాషలో రాసుకుంటున్నానని ఆఫీసు అనుకునేది. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ ట్రయల్‌లో అరువు బూట్లు తీసుకోనిది ఝాన్సీ ఒక్కతే. అవి కోటావాళ్లకే అనుకుని, తెల్ల కాన్వాస్ బూట్లతో తడి గడ్డి మీద ఆడింది.

మర్నాడు లిస్టు అంటించారు. ఝాన్సీ కిటికీ దగ్గరికి వచ్చి తన పేరు లేదంది. ఏడో నంబరు ఉంది, దాని ఎదురుగా మూడో సంవత్సరం అమ్మాయి హుయ్ లింగ్ పేరు ఉంది.

"ఏడు వేసుకుంది నేను ఆంటీ. నాకిచ్చింది పందొమ్మిది. ఆ అక్క తన బిబ్ బిగుతుగా ఉందని అడిగితే మార్చుకున్నా."

బిబ్ మారిస్తే టేబుల్ దగ్గర చెప్పాలి, అది నియమం. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సీనియర్ అడిగితే ఇవ్వకుండా ఎట్లా? ఇప్పుడు పోయి ఆమె మీద ఏం చెప్తాం, వద్దులెండి."

"శనివారం జావా క్లాసులో కూర్చుని ఏడుస్తావా మరి?" అన్నాను.

నోటుబుక్ తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. మిస్టర్ టాన్ హుయ్ లింగ్‌ని పిలిపించాడు, కోచ్ కూడా అక్కడే ఉన్నాడు. ఆ అమ్మాయి తనకు గుర్తులేదంది. మిస్టర్ టాన్ రిజిస్టర్ నా వైపు తిప్పాడు.

"ఇక్కడ రాసి ఉంది, ఆంటీ. మీ దగ్గర ఎక్కడ రాసి ఉంది, చూపించండి."

నోటుబుక్ తెరిచి పెట్టాను. ఏడు పక్కన చుక్కల్లేని జోడు. మిగతా అన్ని నంబర్లకీ చుక్కలున్నాయి. స్టోరు బూట్లు తీసుకోనిది ఝాన్సీ ఒక్కతేనని చెప్పాను. ఆయన రెండు పేజీలు తిప్పి, ఇది మీ భాషేనా అని అడిగాడు.

"కాదు సార్. నాకు ఏ భాషా రాయడం రాదు."

నేను ఉద్యోగంలో చేరినప్పుడు చదవడం, రాయడం వచ్చని దరఖాస్తు నింపింది మా చెల్లెలు. ఆ మాటతో ఉద్యోగం పోవచ్చని తెలిసే అన్నాను. కోచ్ మాత్రం పేజీ మీద వేలు పెట్టి, అవును, ఏడో నంబరు పిల్ల అస్తమానం జారింది, జారినా బంతి వదల్లేదు, అందుకే తీసుకున్నాను అన్నాడు. అప్పుడు హుయ్ లింగ్ మార్చుకున్న మాట ఒప్పుకుంది. ఆమె పేరు రిజర్వు జాబితాలోకి వెళ్లింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు, అది ఆమె ఇష్టం.

మిస్టర్ టాన్ లిస్టు దిద్దాడు. నా ఉద్యోగం జోలికి పోలేదు. వాపసు దగ్గర కూడా ఇకనుంచి పేరు రాయాలని, అది నేనే రాయాలని, ఏ భాషలో రాసినా సరేనని ఉత్తర్వు ఇచ్చాడు.

ఈ వ్యవహారంలో నేను తెలుసుకున్నది ఇది: నంబరు గుడ్డకి అంటుకుని ఉంటుంది, మనిషికి కాదు. ఇచ్చినప్పుడు ఎవరికిచ్చామో, తీసుకున్నప్పుడు ఎవరి దగ్గర తీసుకున్నామో రెండూ రాసి ఉండాలి. నా బొమ్మలు ఆ రోజుకి చాలాయి. ఇద్దరు కాన్వాస్ బూట్లతో వచ్చి ఉంటే చాలేవి కావు.

మర్నాడు పొద్దున అరువు బూట్ల కోసం ఝాన్సీ వచ్చింది. నోటుబుక్ ముందుకి తోసి, తన పేరు తెలుగులో పెద్దగా రాయమన్నాను. దాని కింద నేను చూసి రాయడం మొదలుపెట్టాను. అంత కష్టమైన అక్షరంతో ఎవరూ మొదలుపెట్టరని తర్వాత తెలిసింది. రాయడం పూర్తయ్యేదాకా బూట్లు ఇవ్వలేదు.