లోయలో గంగామణి పుష్కరం

గంగామణికి ఎదురు చెప్పడం ఉగ్గుపాలతో అబ్బిన విద్య. దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక విల్లాలో ఏళ్ళ తరబడి వంట చేస్తున్నా ఆ విద్యకు తుప్పు పట్టలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే, "నీళ్ళు తాగుండ్రి, ఇంట్ల కరువు లేదు గదా" అనేది. తెలుగులో అనేది కాబట్టి ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక్కోసారి అదే మాట అరబ్బీలోనూ అనేది, అప్పుడు అందరికీ అర్థమయ్యేది. ఇంత నోరున్నా ఆమె కొలువు నిలబడిందంటే అది మజీదా అనే ముసలావిడ పుణ్యమే. ఇంటిని నడిపేది కోడలు నఫీసా అయినా, అత్త మజీదా గంగామణి చేతి వంట తప్ప మరొకరిది ముట్టేది కాదు.

గంగామణిది జగిత్యాల వైపు, గోదావరి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెల్లో గోదావరిని గోదావరి అనరు, గంగ అంటారు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది. ఆకు కత్తిరించే కత్తెర బొటనవేలి పక్కన ఒక గట్టి కాయను మిగిల్చింది. కట్టుకున్నవాడు ఇంకొకామెను చేసుకుని భీవండి వెళ్ళిపోతే, ఏడుస్తూ కూర్చోవడం ఇష్టం లేక ఖతార్ విమానం ఎక్కింది. ఊళ్ళో వాళ్ళకు మాత్రం ఆమె ఇప్పటికీ దుబాయ్ గంగామణే. ఖతార్ వేరు, దుబాయ్ వేరు అని చెప్పీ చెప్పీ ఆమే విసిగి ఊరుకుంది.

బయల్దేరే ముందు, రెండు వేల మూడులో గోదావరి పుష్కరాలొచ్చాయి. తల్లి లసుమవ్వ కూతురి చెయ్యి పట్టుకుని నదిలో దిగింది. జనం తోసుకుంటున్నా ఆ చెయ్యి వదల్లేదు. "మల్లొచ్చే పుష్కరానికి గూడ ఇద్దరం గల్సే ముంగుదాం బిడ్డా" అంది. తర్వాత లసుమవ్వకు చూపు పోయింది. గంగామణి సెలవు మీద వెళ్ళినప్పుడల్లా ఆ ముసలితల్లి వెంటనే నోరు తెరిచేది కాదు. చెయ్యి అందుకుని, బొటనవేలి పక్కన కాయను తడిమి, అప్పుడు "గంగవ్వా, అచ్చినవా" అనేది. ఆ తల్లి పోయినప్పుడు గంగామణి దోహాలోనే ఉంది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఒక్కగానొక్క బిడ్డ అయ్యుండి కడసారి చూపుకు నోచుకోలేదన్న బాధ ఆమెను లోపల తొలుస్తూనే ఉండేది.

అందుకే రెండు వేల పదిహేను జూలైలో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయని తెలియగానే సెలవు అడిగింది. తల్లి పేరు మీద నువ్వులూ నీళ్ళూ వదలాలి. కడుపున పుట్టిన బిడ్డ వదలకపోతే ఇంకెవరు వదులుతారు?

ఆ రోజుల్లో దోహా అంతా తవ్వకాలే. ప్రపంచకప్‌కు ఇంకా ఏళ్ళున్నా, ఊరు అప్పుడే పందిరి వేస్తున్న పెళ్ళిల్లులా ఉండేది. ఒక పక్క మెట్రో గుంతలు, ఇంకో పక్క కొత్త రోడ్లు. కారు తోలే తిరుమల్‌ది కూడా జగిత్యాలే. "నిన్న ఉన్న తొవ్వ ఇయ్యాల ఉంటలేదక్కా" అని రోజూ సణిగేవాడు. నఫీసా భర్త స్టేడియం పనులు చూసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఆయనకు ఈద్ అయిన వెంటనే తప్ప సెలవు దొరకదు. ఏటా వెళ్ళినట్టే ఆ ఏడూ కుటుంబమంతా ఆస్ట్రియాలోని ఒక కొండలోయకు వెళ్తుంది. అక్కడి వంటిల్లు చూడాలి, మజీదాను చూడాలి, కాబట్టి గంగామణి వెంట వెళ్ళాలి. పుష్కరాలూ సరిగ్గా ఆ రోజుల్లోనే పడ్డాయి.

"సెప్టెంబర్లో వెళ్ళు. నీ నది ఎక్కడికీ పోదు కదా" అంది నఫీసా.

"నది పోదు మేడమ్. పుష్కరం పోతది. పోతే మల్ల పన్నెండేండ్లకే" అంది గంగామణి తనకొచ్చిన అరబ్బీలో. "ఒక్కపారి అచ్చే బంతాట కోసం మీరు ఊరు ఊరంత తవ్వుతుండ్రు. నాదీ గంతే. మీదైతే పండుగ, నాదైతే నఖరానా?"

నఫీసా నవ్వేసింది కానీ సెలవు మాత్రం ఇవ్వలేదు.

గంగామణి తన చిన్నాయన కొడుకు గజేందర్‌కు ఫోన్ చేసింది. వాడు పుష్కరాలకు వెళ్ళి పెద్దలందరికీ తర్పణం వదలబోతున్నాడు. ఆ వరసలో లసుమవ్వ పేరు కూడా చేర్చమంది.

"పెద్దమ్మ మా నాయినతోని మాట్లాడకుంటనే సచ్చిపోయింది గదక్కా. ఆమె పేరు ఎత్తితే మా ఇంట్ల లొల్లి అయితది" అన్నాడు గజేందర్.

"అయితే నేనే ఇడుస్త."

"ఆడోళ్ళు ఇడువద్దక్కా. తర్పణం జేపిచ్చే అయ్యగారు ఒప్పుకోడు."

"అయ్యగారిని అడుగుతనని నేనన్ననా?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తిరుమల్ చేత నల్ల నువ్వులు తెప్పించింది. లోయకు తీసుకెళ్ళే మసాలాల పెట్టెలో, ఎండు నిమ్మకాయల కింద దాచింది. అది చూసి తిరుమల్ తల గోక్కున్నాడు.

"ఆడ గంగ యాడిదక్కా? తానమే జెయ్యాలంటే ఈ బాత్రూంల జెయ్యరాదు?"

"నల్లా తిప్పితే అచ్చేది, బంద్ జేస్తే ఆగేది గంగ ఎట్లయితది తమ్మీ? పారే నీళ్ళు గావాలె. పుష్కరం నాడు ఏడ పారే నీళ్ళల్లనన్న గంగ ఉంటదని మా అవ్వ అనేది."

"కొలువు పోతది సూస్కో."

"పోతే పోతది" అంది, పెట్టె మూత బిగిస్తూ.

లోయ పచ్చగా, చల్లగా ఉంది. అందరూ మెచ్చుకునే ఆ చల్లదనం గంగామణికి మాత్రం ఎముకల్లోకి దిగింది. దోహాలో పక్క వీధి దుకాణానికి కూడా కారులో వెళ్ళే కుటుంబం ఇక్కడ బరువైన బూట్లు తొడిగి, చేతికర్రలు పట్టి, దండయాత్రకు బయల్దేరినట్టు బయల్దేరేది. తీరా చూస్తే అవన్నీ పిల్లలు కూడా నడిచే బాటలే. సరస్సు చుట్టూ ఒక బాట, మెడలో గంటలు కట్టిన ఆవులు మేసే పచ్చికలో ఒక బాట. ఆ రెండింటికీ గంగామణి హవాయి చెప్పులతోనే వెళ్ళి, నఫీసా చంటిదాని బండి తోసుకుంటూ అందరికన్నా ముందు తిరిగొచ్చింది. వెళ్ళిన ప్రతిచోటా ఆమె కళ్ళు నీళ్ళ కోసమే వెతికాయి. సరస్సు నీళ్ళు కదలవు. వాళ్ళ బస వెనక ఏరు మంచు కరిగిన నీళ్ళతో ఉరకలేస్తోంది. కాలు పెడితే కొట్టుకుపోవడమే.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర పిల్లలు మూడో బాట గురించి చెప్పుకుంటున్నారు. రెండు కొండల ఇరుకులో, ఏటి మీదుగా చెక్కలు పరిచిన దారి అది. దాని చివర నేలలోంచి వేడినీళ్ళు ఉబికి, రాతి తొట్టిలో నిండి, ఒక పక్కగా పొర్లి ఏట్లో పడతాయట. నడిచి వచ్చినవాళ్ళు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారట. గంగామణి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. లసుమవ్వకు కీళ్ళ నొప్పులు. చలికాలం వస్తే వేడినీళ్ళ కోసం పసిపిల్లలా మారాం చేసేది. తెల్లవారితే పుష్కరాల ఆఖరి రోజు.

"రేపు నేనూ వస్తా" అంది గంగామణి.

"ఆ రెండు బాటలూ అత్తయ్య కునుకు తీసే వేళలో అయిపోయాయి. రేపు పొద్దంతా ఆవిడ దగ్గర ఎవరుంటారు?" అంది నఫీసా. అంతటితో ఆ మాట అయిపోయింది.

పొద్దున కుటుంబమంతా వెళ్ళిపోయాక గంగామణి మజీదా ముందు కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. తల్లి సంగతి, నువ్వుల సంగతి, ఈ రోజు పోతే మళ్ళీ పన్నెండేళ్ళనే సంగతి. నిన్ను ఒక్కదాన్ని వదిలి వెళ్ళలేను, వెళ్ళకుండానూ ఉండలేను అంది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆమె ఏడవడం మజీదా ఎప్పుడూ చూడలేదు.

"నా చక్రాల కుర్చీ ఉంది కదా" అంది ముసలావిడ. "యల్లా, పద, తొయ్యి."

బాట మొదట్లో ఉన్న బోర్డు మీద రాతలు గంగామణికి చదవడం రాదు. కానీ చంటిపిల్లను బండిలో తోస్తున్న తల్లి బొమ్మ ఉంది. బండి పోయే దారిన చక్రాల కుర్చీ ఎందుకు పోదని తోసింది. చెక్కల మీద చక్రాలు దడదడలాడాయి. పక్కనే కొండ చీలికలో నీళ్ళు హోరెత్తుతున్నాయి. తుంపరకు మజీదా ముఖం తడిసిపోయింది. ఆవిడ భయపడుతుందేమోనని వంగి చూస్తే, ముసలావిడ నోరు తెరుచుకుని కొండలకేసి చూస్తోంది. ఏటా ఈ లోయకు వస్తున్నా, బస కిటికీ దాటి ఏదీ చూడలేదు ఆవిడ.

రాతి తొట్టి దగ్గర నఫీసా పిల్లలతో కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది. అత్తను చూసి దిగ్గున లేచింది.

"ఏమిటిది? ఆవిడకు ఏమైనా అయితే? ముందు వెనక్కి తీసుకుపో."

"తీస్కపోత. పని అయినంక తీస్కపోత" అంది గంగామణి.

"నేను చెప్తున్నాను, ఇప్పుడే."

"నువ్వు జెప్పిన పని ఇన్నేండ్ల సంది జేస్తనే ఉన్న. ఈ ఒక్కటి మా అవ్వ జెప్పిన పని."

కుర్చీ చక్రాలకు బ్రేకు వేసి, మజీదా శాలువా సర్ది, చెప్పులు విడిచింది. లోపల కట్టుకొచ్చిన చీర మీది నుంచి పొడవాటి కోటు తీసేసి, అందరూ పాదాలు మాత్రమే పెట్టుకునే ఆ తొట్టిలో నడుముదాకా దిగింది. పక్కన కూర్చున్న తెల్లవాళ్ళు ఏదో అన్నారు. ఒక ముసలామె కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.

"అందరూ చూస్తున్నారు. బయటికి రా" అంది నఫీసా. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది.

"సూడనీ" అని గంగామణి మూడు మునకలు వేసింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. చన్నీళ్ళు తగిలితే వణికే తల్లి గుర్తొచ్చింది. నీళ్ళు పొర్లి ఏట్లో పడే అంచు దగ్గరికి వెళ్ళి, కొంగున ముడి వేసుకున్న నువ్వులు దోసిట్లో పోసుకుని, నీళ్ళు ముంచింది. "లసుమవ్వా, నీ బిడ్డను గంగామణిని. నీకు నీళ్ళు ఇడుస్తున్న, తీస్కో" అని గట్టిగా, కొండ చీలికంతా మారుమోగేలా అంది. మంత్రాలు ఆమెకు తెలియవు. తెలిసిన పేరు ఒక్కటే, ఆ పేరే మూడుసార్లు చెప్పి మూడుసార్లు వదిలింది.

నఫీసా మళ్ళీ ఏదో అనబోయింది. మజీదా చెయ్యి ఎత్తి ఆపింది. "తల్లి కోసమట" అంది. "కాసేపు ఆగు."

దోహాకు తిరిగొచ్చాక విచారణ మొదలైంది. నఫీసా హాల్లో కూర్చుని, సారీ చెప్తావా, ఊరికి పోతావా అని అడిగింది. తిరుమల్ గుమ్మంలో నిలబడి, చెప్పెయ్ అక్కా అని కళ్ళతోనే బతిమాలాడు.

"మీ అత్తను నీకు జెప్పకుంట తీస్కపోయిన. అది తప్పే. దానికి సారీ" అంది గంగామణి. "నీళ్ళు ఇడిచినందుకు జెప్ప. టికెట్ గొంటవా కొను. నా సామాన్ ఒక్క బ్యాగే."

 లోపలి నుంచి మజీదా, అన్నం ఎప్పుడని కేకేసింది. చివరికి టికెట్ కొనలేదు కానీ, ఆ ఏడాది సెలవు రద్దు అంది నఫీసా. గంగామణి సరేనని వంటింట్లోకి వెళ్ళింది. నొప్పి కలగలేదంటే అబద్ధం. ఊరు చూసి రెండేళ్ళయింది, ఇంకో ఏడాది చూసే వీల్లేదు. కానీ తల దించలేదు.

ఆ వారమే గజేందర్ ఫోన్ చేశాడు. తను పుష్కరాల్లో ఎవరెవరికి వదిలాడో వరసగా చెప్పాడు. లసుమవ్వ పేరు ఆ వరసలో లేదు.

"మా అవ్వకు నేను ఇడిచిన" అంది గంగామణి, పొయ్యి మంట తగ్గిస్తూ. ఎక్కడ, ఎలా అన్నది చెప్పింది.

వాడు నవ్వాడు. "అది గంగ గాదక్కా. పరాయి దేశం, పరాయి నీళ్ళు. పెద్దమ్మకు ఎట్ల ముడుతయ్? ఆమెకేం తెలుస్తది?"

గంగామణి ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. కుడి చేతి బొటనవేలి పక్కన, గరిటె పట్టిన చోట, ఆ పాత కాయ ఇంకా గట్టిగానే ఉంది.

"నీళ్ళు ఏ దేశానివో మా అవ్వకు తెల్వకపోవచ్చు తమ్మీ" అంది. "చెయ్యి ఎవలిదో తెల్సు."