బావి అడిగే శేషగిరి శెట్టి

ఆదోని పత్తి వ్యాపారి శేషగిరి శెట్టికి లోకంలో ఎవరికీ లేని జబ్బొకటి ఉండేది. సంతలో కాయ కొనాలంటే అది ఏ బావి నీళ్ళు తాగి పెరిగిందో ముందు తెలియాలి. ధర అడగడు, పుచ్చు చూడడు. బావి అడుగుతాడు.

"యా ఊరి వంకాయలవ్వా?"

"చిప్పగిరివి సామీ, యెన్న మాదిరి ఉడుకుతాయి."

"బావికి మెట్లెన్ని?"

హులిగమ్మ ముప్పై ఏళ్ళుగా వంకాయలు అమ్ముతోంది గానీ ఇలాంటి ప్రశ్న వినలేదు. "నేను వంకాయలు అమ్మనీకె వచ్చినానప్పా, బావి అమ్మనీకె కాదు!"

శెట్టి గొడుగు చంకలో పెట్టుకుని పక్క గంప దగ్గరికి నడిచాడు.

దేవనకొండ పేరు వింటే ఆయన కాళ్ళు ఆగుతాయని సంతకు తెలిసిపోయింది. ఇంకేముంది, వారం తిరిగేసరికి ఉల్లిగడ్డ దేవనకొండది, చింతచిగురు దేవనకొండది, తుంగభద్ర ఇసుకలో పండిన కర్బూజ కూడా దేవనకొండదే! మెట్ల దగ్గర మాత్రం అందరూ దొరికిపోయేవారు. ఒకడైతే, "నీకెన్ని కావల్ల సెట్టీ? అన్నే పెట్టిస్తా" అన్నాడు.

ఇంటిదాకా వచ్చింది మాత్రం 'బావుల శెట్టి' అన్న పేరొక్కటే. భార్య అమృతవల్లి సిగ్గుతో చచ్చిపోయేది. ఆమె దిగులు ఆమెకుంది. తండ్రి పోయాక దాయాదులు చేను అమ్మేశారు. పుట్టింటికని పోవడానికి గడప లేదు. ఆ చేలో పండింది ఒక్కసారి నోట్లో వేసుకుంటే చాలునని ప్రాణం కొట్టుకునేది.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, గడప దాటనివ్వని అత్తగారు మంత్రాలయం వెళ్ళినప్పుడు, అమృతవల్లి మొదటిసారి భర్త వెంట సంతకు వచ్చింది. శెట్టి ఒక ముసలాయన దోసకాయల గంప ముందు ఆగాడు.

"యా ఊరప్పా?"

"దేవనకొండ."

"బావికి మెట్లెన్ని?"

"జనం నవ్వుతాండారు, ఇంటికి పోదాం పాండి" అంది అమృతవల్లి.

ముసలి సుంకప్ప మాత్రం నవ్వలేదు. "నలభై రెండు సామీ. అడుగు మెట్టు మీద తాబేలు బొమ్మ ఉంటాది."

అమృతవల్లి నిలబడిపోయింది. ఆ తాబేలును చెక్కించింది వాళ్ళ నాన్న. వేసవిలో నీళ్ళు తగ్గితే చిన్నప్పుడు దాని మీదే కూర్చునేది.

"మా బావి మెట్ల లెక్క మీకెట్ల తెలుసు?" అంది భర్తతో.

"నువ్వే చెప్పినావు కదా. పెండ్లైన కొత్తల్లో పళ్ళెం పక్కకు జరిపి, మా నలభై రెండు మెట్ల బావి కింది దోసకాయ రుచి యాడొస్తుందంటివి."

"అది తొమ్మిదేండ్ల కింది మాట!"

"ఏం చేసేది, వారానికి ఒక్క సంతే కదా."

"బండి కట్టించి దేవనకొండకే పోయింటే సరిపోతుండె కదా?"

ఇన్నేళ్ళలో ఆ ఆలోచన శెట్టికి ఒక్కసారీ రాలేదు.

షావుకారు ఇల్లాలు సంతలో తినడమా! శెట్టి గొడుగు విప్పి జనానికి అడ్డం పట్టాడు. ఆమె లేత కాయ కొరికింది. కళ్ళు నిండాయి.

"ఎట్లుంది?"

"చేదు."

శెట్టి మొహం వాడిపోయింది.

"మా కాయ తొడిమ కాడ ఎప్పుడూ చేదే" అంటూ అమృతవల్లి నవ్వింది. "గొడుగు ఇంకొంచెం దించండి, ఇంకోటి తింటా."