మూడోసారికి గానీ నమ్మని సూర్యారావు సారు

సూర్యారావు సారు దేన్నైనా మూడుసార్లు చూస్తే తప్ప నమ్మడు. పటాన్‌చెరులో బస్సెక్కితే "సంగారెడ్డి పోతుందా?" అని కండక్టర్ని ఒకసారి, డ్రైవర్ని ఒకసారి, సీట్లో కూర్చున్నాక పక్కవాణ్ణి ఒకసారి అడుగుతాడు. ఆ పక్కవాడు "పోతుందనుకుంటా" అన్నాడో, దిగిపోతాడు. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు చేతిలో పట్టుకుని, "మూడు ముళ్ళు ఎందుకేయిస్తారనుకున్నారు? మొదటి రెండిటి మీదా పెద్దలకి నమ్మకం లేకే" అని పెళ్ళికూతురి తండ్రికే చెప్పొస్తాడు. భార్య నాగవల్లి "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడగడం మానేసి ఇరవయ్యేళ్ళయింది. మూడోసారి రుచి చూసేసరికి గిన్నెలో కూర ఉండదు మరి!

ఇస్నాపూర్ నుంచి ఫరహత్ అనే అమ్మాయి ఈయన చేతికింద పడింది. ఎక్కడో సముద్రాల అవతలి సంస్థ ఒకటి, పేద దేశాల్లో అంటురోగాల మీద పరిశోధన చేసేవాళ్ళని తయారుచెయ్యమని డబ్బిచ్చింది. సంగారెడ్డిలో ఓ చిన్న ల్యాబు, పద్దెనిమిది నెలల శిక్షణ, నలుగురు పిల్లలు, వాళ్ళ నెత్తిన సూర్యారావు సారు. చేరిన రోజే పేరు మూడుసార్లు చెప్పించుకుని, ఆధార్ కార్డు చూసి మరీ రాసుకున్నాడు.

పని చూడబోతే ముక్కు మూసుకునే పని. ఆస్పత్రిలో మానని పుండ్ల నుంచి చీము తెచ్చి, ప్లేట్లలో క్రిముల్ని పెంచాలి. మందు అద్దిన చిన్న కాగితం బిళ్ళల్ని వాటి మీద పెట్టాలి. క్రిమి చస్తే బిళ్ళ చుట్టూ ఖాళీగా ఓ గుండ్రం పడుతుంది. చావకపోతే బిళ్ళ అంచుదాకా పాకేస్తుంది. మందుల కంపెనీల నీళ్ళు వాగుల్లో కలిసే ఈ ఇలాకాలో మందుకి చావని క్రిములకీ కొదవ లేదు, ఏం చేస్తాం!

"ఏమ్మా, గుండ్రం వచ్చిందా?"

"రాలేదు సార్."

"మళ్ళీ చెయ్యి."

మర్నాడు: "ఇయ్యాల గూడ రాలే సార్."

"ఇంకొక్కసారి."

"మా హాస్టల్ల పప్పు గూడ గిన్నిసార్లు ఉడకది," అని గొణిగేవాడు నవీన్‌కుమార్, పక్క బల్ల మీద పనిచేసేవాడు.

ఫరహత్ ఇంటికెళ్ళి మొత్తుకుంటే, కంపెనీ బస్సు నడిపే తండ్రి మహబూబ్ నవ్వేవాడు. "గందుల తప్పేముంది బిడ్డా? మన నికాల గూడ మూడుసార్లు కుబూల్ అంటం గద."

"మనం ఒక్కరోజు అంటే అయిపోతది," అనేది తల్లి ఇస్మత్, కుట్టుమిషన్ ఆపకుండానే. "ఆ సారుకు రోజూ నికాయేనాయె!"

డబ్బిచ్చే సంస్థ వాళ్ళు ఓసారి కంప్యూటర్లో కనబడి, మిగతా కేంద్రాల్లో ఒక్కొక్కరు మూడొందల రోగుల నమూనాలు చేశారనీ, ఇక్కడ ఒక్కొక్కరివి వంద కూడా కాలేదేమనీ నిలదీశారు. "ఏమన్నారండీ?" అన్నాడు సారు. వాళ్ళు మళ్ళీ చెప్పారు. "ఏమన్నారూ?" అన్నాడు. ఇంకోసారి చెప్పారు. "మరొక్కసారి..." అనేసరికి, లైను బాగాలేదనుకుని పెట్టేశారు.

లక్డారం కిష్టప్ప చీము వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆ ఊళ్ళో కూరగాయలు పండించుకునే మనిషి. వాగులో సీసాపెంకు కాల్లో దిగింది. ఎన్ని మందులు పోసినా పుండు మానలేదు, పైకి పాకింది. భార్య ముత్యమ్మ ల్యాబు మెట్ల మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"ఏ మందుకు తగ్గుతదో తెలిసిందా బిడ్డా?"

"సూస్తున్నం అమ్మా."

చూసేదేముంది! ప్లేటు మీద ఎనిమిది బిళ్ళలు, ఒక్కదాని చుట్టూ గుండ్రం లేదు. ఆ మాట డాక్టర్లకి అప్పుడే ఫోన్లో చెప్పేసి, సారు ఇటు తిరిగాడు. "మళ్ళీ చెయ్యమ్మా."

ఫరహత్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఆయన కాలు నల్లగైతాంది సార్! ఇంకెన్నిసార్లు?"

"నీ చెయ్యి తప్పయి ఉంటే? నా కన్ను తప్పయి ఉంటే? ఒక్క మందైనా మిగిలి ఉందేమో చూడవే తల్లీ!"

ఆ గొంతులో బతిమాలడం ఆమె మొదటిసారి వింది. మళ్ళీ చేసింది. మూడోసారీ చేసింది. ఏ మందూ మిగల్లేదు. నాలుగోరోజు మధ్యాహ్నం వార్డు నుంచి ఫోన్ వచ్చింది. సారు ఎత్తాడు.

"ఎవరు? కిష్టప్పా?" అన్నాడు. "లక్డారం కిష్టప్పేనా?" అన్నాడు. మూడోసారి అడగకుండానే ఫోన్ పెట్టేశాడు. మెట్ల మీది ముత్యమ్మకి ఫరహతే వెళ్ళి చెప్పింది. ఆ పని మాత్రం ఒక్కసారి చేస్తేనే ఎక్కువ.

పదకొండో నెలలో ఉత్తరం వచ్చింది. డబ్బు ఆగిపోయింది, నెల లోపల అంతా మూసెయ్యండి, శిక్షణ పూర్తికాలేదు కాబట్టి సర్టిఫికెట్లు ఉండవు. ఇంతే. ఎందుకాగిందో రాయలేదు. ఎనిమిది బిళ్ళలకీ చావని క్రిమి ఏమవుతుందో అడగనూ లేదు.

సారు ఉత్తరం మూడుసార్లు చదివి, "ముచ్చటగా మూడోసారి" అని చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వు చూసేసరికి ఫరహత్ చేతిలోని ప్లేటు ఠక్కున బల్లమీద పెట్టేసింది. ఇది కుదరకపోతే కూతురికి ఓ పని ఉంటుందని మహబూబ్ ముందే ఓ కంపెనీ సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టాడు. ప్యాకింగ్ సెక్షన్‌లో చోటుంది, పొద్దంతా నిలబడి గోలీల డబ్బాలకి మూతలు బిగించాలి.

"నవ్వొస్తుందా సార్ మీకు?" అంది. "ఒక్కోటి ఒక్కసారే చేసుంటే ఇయ్యాల నా దగ్గర గూడ మూడొందలుంటుండె! మీ పిచ్చికి వందే మిగిలినయ్. ఇగ నేను మూతలు వెట్టుకుంట బతకాల్నా?"

అనేశాక నాలిక్కరుచుకుంది. సారు కోప్పడలేదు. బీరువా తీసి, దుమ్ముపట్టిన రెండు నోటుపుస్తకాల కట్టలు బల్లమీద పెట్టాడు.

"ఇది మురళీమోహన్‌ది, మొదటిసారి ఇలాగే డబ్బాగినప్పటి కుర్రాడు. మూడొందల నమూనాలు, ఒక్కోటీ ఒక్కసారే చేశాడు. రెండో విడత వచ్చే ఏడాది చేద్దామన్నాను. ఈలోగా డబ్బాగింది. ఒక్కసారి చూసిందాన్ని ఎవడూ నమ్మలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ రీఛార్జ్ దుకాణం నడుపుతున్నాడు. ఇది శ్రావ్యది, రెండోసారి ఆగినప్పటిది. ఇదీ అంతే. అది నా తప్పమ్మా. ఇంకా బోలెడు టైముందిలే అనుకున్నాను." కట్టల మీది దుమ్ము దులిపాడు. "డబ్బు వాళ్ళది, ఏ రోజైనా ఆపుతారు. ఆగిన రోజున మీ చేతిలో ఉన్నది కొంచెమే కానీ, పూర్తిగా ఉండాలి. అందుకే మొదటి వారం నుంచీ మిమ్మల్ని చంపుకు తిన్నాను. వాళ్ళతో చెబితే వందకి డబ్బు దండగ అంటారని, చెవుడు నటించాను."

ఫరహత్ తన నోటుపుస్తకం తెరిచింది. తొంభై ఆరుగురు రోగులు. ఒక్కొక్కరికీ మూడు వరసలు, మూడు తారీఖులు. ఏ పేజీ దగ్గర ఆపినా సగంలో ఆగింది ఒక్కటీ లేదు. కిష్టప్ప పేజీ దాకా వచ్చి, మూసేసింది.

రెండు నెలల తరువాత హైదరాబాద్‌లో ఓ పరిశోధన సంస్థలో సీటు కోసం ఇంటర్వ్యూ. "సర్టిఫికెట్ లేదు. పదకొండు నెలల్లో ఏం నేర్చుకుని ఉంటావు?" అన్నారు. పుస్తకం ముందు పెట్టింది. పేజీలు తిప్పుతున్న పెద్దావిడ తలెత్తింది. "అన్నీ మూడుసార్లు చేశావా?" "అన్నీ, మేడమ్." ఆవిడ పుస్తకాన్ని పక్కాయన వైపు జరిపింది. ఇంట్లో ఇక ప్యాకింగ్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఫలితం తెలిసిన రోజు ఫరహత్ మిఠాయి డబ్బాతో సారు ఇంటికి పరుగెత్తింది. "సార్, సీటొచ్చింది!"

"సంతోషం తల్లీ," అని సారు డబ్బా అందుకున్నాడు. అంతే! ఫరహత్ ఇంకో రెండు ప్రశ్నల కోసం వాకిట్లోనే నిలబడి చూసింది. లోపల్నుంచి నాగవల్లి కూడా గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"అదేంది సార్, మళ్ల అడగరా? నిజమేనా అని?"

"నేనెందుకమ్మా అడగడం? నువ్వు ఆ ఆఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేశావు?"

ఫరహత్ తల దించుకుంది. మూడోసారి చేసినప్పుడు అక్కడి గుమాస్తా, "పేరు నీదేనమ్మా, నీదే! ఇంకెన్నిసార్లు చెప్పాలె?" అని విసుక్కుని పెట్టేశాడు.