సున్నం మరకలు లెక్కకు రావు

పెద్ద లైబ్రరీ మేడమ్ పోయింది. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విడవలేదు, బైండింగు చాచా సైకిలును గేటుకు ఆనించి లోపలికి వచ్చాడు. వరంగల్ చౌరస్తా దగ్గర చిన్న దుకాణం పెట్టుకుని మన బడుల పుస్తకాలన్నీ కుట్టేది ఆయనే.

"చిన్న మేడమ్, మీ అక్క పోయింది. పొద్దుగాల దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వలనే పానం పోయిందట," అన్నాడు.

నాకు అక్కలు లేరు. అయినా ఎవరని అడగలేదు.

ఈ పత్రిక తెప్పించుకునే బడి లైబ్రేరియన్లు ఏటా ఈ నెలలో నా పేజీ కోసం చూస్తారు. పిల్లల పుస్తకాల్లో దేనికి సర్కారు బహుమతి వచ్చింది, ఎవరు రాశారు, మన లైబ్రరీలకు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఏరి రాసేది నేను. ఈసారి ఆ వార్తలు వచ్చే నెలకు పెట్టుకోండి. ఈ పేజీ కూడా ఆమే తీసేసుకుంది. ఎప్పుడు మాత్రం వదిలింది గనుక!

చాచా మాట వినగానే ఏడుపు కంటే ముందు నాకు తట్టింది ఒకటే. పోయిన రోజున కూడా ఆమె పెద్ద మేడమ్, నేను చిన్న మేడమ్. మా ఇద్దరికీ వయసులో తేడా అంతంత మాత్రం. లైబ్రరీల్లో చూస్తే నాదే పెద్దది. మాది మిషన్ వాళ్ల మగపిల్లల హైస్కూలు. టేకు బీరువాలు, అద్దాల తలుపులు, ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట. ఆమెది సర్కారు ఆడపిల్లల బడి. తుప్పు పట్టిన రెండు రేకు ర్యాకులు, కాలు ఊగే కుర్చీ ఒకటి, కింద ఈతచాప. ఆ చాప మీద కాలు పెట్టే సందు ఉండేది కాదు. నా బీరువాల ముందు మాత్రం అటెండరు హాయిగా కునుకు తీసేవాడు.

బడి లైబ్రేరియన్లం నెలకోసారి కలిసేవాళ్లం. నేను నిలబడి బహుమతుల వార్తలు చదివేదాన్ని. ఆమె వెనక బెంచీ మీద కూర్చుని, చిన్న ఇత్తడి డబ్బీ తెరిచి, బొటనవేలితో తమలపాకుకు సున్నం రాసుకునేది. నేను గొంతు సవరించుకుని ఫలానా పుస్తకానికి ఈ ఏటి బహుమతి అనగానే వెనక నుంచి మాట వచ్చేది.

"పోరగాండ్లు ఎవరన్న చదివిండ్రా చెల్లె దాన్ని?"

అందరూ నవ్వేవాళ్లు. ఆమె మాత్రం నవ్వేది కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగేది. అదే నాకు ఇంకా ఒళ్లు మండేది. బహుమతి వచ్చిన పుస్తకాన్ని అందరికంటే ముందు తెప్పించేది నేనే. అది మా అద్దాల వెనక మెరుస్తూ నిలబడేది. చదివారా అంటే ఏం చెప్పను?

ఆమె బడిలో ఒక బహుమతి ఉంది. మన జిల్లాలో దాని గురించి విననివాళ్లు ఉండరు గానీ, కొత్తగా చేరిన వాళ్ల కోసం చెప్తాను. బాలల దినోత్సవం ముందు రోజు ఆ లైబ్రరీలో అన్నిటికంటే ఎక్కువగా చిరిగిన పుస్తకాన్ని ఏరతారు. ఏరేది పిల్లలే, తెగకపోతే చివరి మాట కుర్చీలో ఉన్న మేడమ్‌ది. అట్ట ఊడిందా, మూలలు మెత్తబడ్డాయా, కుట్టు వదిలిందా, ఏ పేజీ మీద పచ్చడి పడింది, అన్నీ పెళ్లిచూపుల్లో పెద్దల లాగా అటూ ఇటూ తిప్పి చూస్తారు. గెలిచిన పుస్తకానికి బంతిపూల దండ. దాన్ని రిక్షాలో ఒంటరిగా కూర్చోబెట్టి, వెనక మేడమ్, ఆమె వెనక పిల్లలు, చౌరస్తా దాకా ఊరేగింపుగా నడిచి చాచాకు అప్పగిస్తారు. ఆ ఏడాదికి కొత్త బైండింగు ఆ ఒక్క పుస్తకానికే. మిగతావాటికి ఆమె మైదా గంజితో అతుకులు వేసుకునేది.

రిక్షాలో ఎవరూ లేకుండా పుస్తకం ఒక్కటే పోతుంటే బజారులో జనం ఆగి చూసేవాళ్లు. మిర్చి బండ్ల వాళ్లు పక్కకు జరిగేవాళ్లు. ఒక ఏడు పేపరులో ఫోటో కూడా వేశారు. ఆ పేపరును మా హెడ్మాస్టరు నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏదైనా అన్నా బాగుండేది.

దానికి నియమాలు ఆమే పెట్టింది. కావాలని చింపినవి లెక్కకు రావు. ఎలుక కొట్టినవి లెక్కకు రావు. పెద్దవాళ్లు చేసిన మరకలు అసలే రావు. ఇదేం నియమమని ఒకసారి అడిగాను.

"పెద్దోళ్లు చదివితె ఏమున్నది చెల్లె, మనకు జీతమిస్తాన్రు," అన్నది ఆకు నములుతూ.

ఇక నా పుస్తకం సంగతి. అవును, నేనూ ఒక పిల్లల కథ రాశాను. మిర్చి యార్డులో దారి తప్పిన మేకపిల్ల కథ. బస్తాల మధ్య తల్లిని వెతుక్కుంటూ తిరిగి, ఘాటుకు తుమ్మీ తుమ్మీ, చివరికి ఆ తుమ్ములు విన్న తల్లికే దొరుకుతుంది. ప్రెస్సు చుట్టూ తిరిగి నేనే అచ్చు వేయించుకున్నాను. సర్కారు బహుమతికి పంపాను. ఆ ఏడు వార్తలు చదవడానికి నిలబడ్డప్పుడు కాగితంలో ఏముందో నాకు ముందే తెలుసు. వేరే వాళ్ల పేరు చదివి, చప్పట్లు నేనే మొదలుపెట్టాను. వెనక బెంచీ ఆ రోజు మాత్రం పిల్లలు చదివారా అని అడగలేదు. ఆ జాలి నాకు ఇంకా కాలింది.

అప్పుడే నా మనసులో ఒక కోరిక పడింది. సర్కారు బహుమతి పోతే పోయింది. నా మేకపిల్ల బంతిపూల దండ వేసుకుని ఆ రిక్షా ఎక్కాలి. అది ఆమె కళ్ల ముందే జరగాలి. ఒక కాపీ ఆమె లైబ్రరీకి ఇచ్చాను. పైకి మాత్రం, ఉంటే ఉంటుందిలే అక్కా, అన్నాను.

నా బిడ్డ అప్పుడు ఆ బడిలోనే ఏడో తరగతి. మాది మగపిల్లల బడి కాబట్టి అక్కడే వేయక తప్పలేదు. రోజూ ఇంటికి వచ్చి మా మేడమ్ ఇట్లన్నది, మా మేడమ్ అట్లన్నది అని ఒకటే పాట. ఇంట్లో ఒక మేడమ్ వంట చేస్తోందన్న సంగతి దానికి గుర్తుండేది కాదు. నా కోరిక మాత్రం ఎట్లా పసిగట్టిందో, ఆ ఏటి ఎంపికకు ముందు నా పుస్తకాన్ని ఇంటికి తెచ్చి, పేజీలకు చింతపండు రసం పూసి, మూలలు నలిపి, ఎండబెట్టి తీసుకెళ్లింది. సాయంత్రం వెక్కుతూ వచ్చింది.

"మేడమ్ వాసన చూసింది అమ్మా."

"కొట్టిందా?"

"లేదు. చెవిల చెప్పింది. మీ అమ్మ పుస్తకానికి చింతపండు అవసరం లేదు బిడ్డా, జర ఓపిక వట్టుమని చెప్పు, అన్నది."

ఎవరికి ఓపిక చెప్తుంది ఈమె! పాడైన ఆ కాపీ మా ఇంటికి తిరిగొచ్చింది. కొత్తది ఒకటి పంపాను, కోపంతోనే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మేడమ్ మాట ఎత్తొద్దని ఆర్డరు వేశాను. నా బిడ్డ మాట వినే పిల్ల. మళ్లీ ఎత్తలేదు. దాంతో నేనేం పోగొట్టుకున్నానో ఇన్నేళ్లకు, మొన్న తెలిసింది.

పెద్ద మేడమ్ మట్టి అయిన నాలుగు రోజులకే ఎంపిక రోజు వచ్చింది. ఆపేద్దామని టీచర్లు అంటే పిల్లలు ఒప్పుకోలేదట. హెడ్మిస్ట్రెస్ మా బడికి కబురు పంపింది, వచ్చి ఆ కుర్చీలో కూర్చోండని. నేను ఎన్నేళ్లు ఓరగా చూసిన కుర్చీ అది! వెళ్లి కూర్చున్నాను. ఒక కాలు ఊగుతుందని మరిచిపోయి పడబోయాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె ఎట్లా కూర్చునేదో వాళ్లకు తెలుసు, ఎడమవైపు ఒరిగి.

చివరికి రెండు పుస్తకాలు మిగిలాయి. ఒకటి ఏవో రాజుల కథలు, అట్ట లేదు. రెండోది నా మేకపిల్ల.

నేను పంపిన కాపీయే. కుట్టు వదిలి, మూలలు దూదిలా అయి, మధ్య పేజీలు ఊడి చేతికొస్తున్నాయి. నేను న్యాయం చెప్పే కుర్చీలో ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు, దండ నాదే. అప్పుడు రెండు జడలు వేసుకున్న ఒక చిన్న పిల్ల లేచింది.

"ఇది రాదు మేడమ్. ఇవి సున్నం మరకలు. మా పెద్ద మేడమ్ మరకలు. పెద్దోళ్లయి లెక్కకు రావు."

చూశాను. ప్రతి పేజీ కింది మూలలో తెల్లటి గరుకు మరక, బొటనవేలంత. ఒకదాని మీద ఒకటి పడి కొన్ని చోట్ల అక్షరాలు కూడా కనబడడం లేదు.

"ఎందుకు రావు?" అన్నాను. గొంతు లేచింది. "మీరెవ్వరూ చదవలేదా దీన్ని?"

"మేం చదువం మేడమ్. మేడమ్ చదివి ఇనిపిస్తది, శుక్రవారం శుక్రవారం. ఆమె చెప్తెనే మంచిగుంటది. మేకపిల్ల తుమ్మినప్పుడు ఆమె తుమ్ముతది, మేమందరం తుమ్ముతం."

"ఎప్పటి నుంచి?"

"మా అక్క ఈడ చదివినప్పటి సంది. గిది మా మేడమ్ కథ."

మీతో దాచడమెందుకు, అప్పుడు కూడా కుళ్లుకున్నాను. కథ నాది, ఆ కథను పిల్లల్లోకి పంపిన గొంతు ఆమెది. నాకు ఓపిక పట్టమని చెప్పి, తాను వారం వారం చదువుతూ కూర్చుంది. ఒక్క మీటింగులోనైనా చెప్పలేదు. చెబితే మురిసిపోయేదాన్ని కదా! ఆమె నోరు విప్పలేదు, నేను ఇంట్లో నా బిడ్డ నోరు మూయించాను. ఇద్దరం కలిసి నా సంతోషాన్ని ఇన్నేళ్లు ఆపాం.

"పుస్తకం మీద పేరు చూడు," అన్నాను ఆ పిల్లతో.

అట్ట తిప్పి నా పేరు చదివింది. నన్ను చూసింది. మళ్లీ పేరు చూసింది. "మీరేనా? అయినా రాదు మేడమ్," అన్నది, నియమం నియమమే అన్నట్టు.

అది ఎవరి పెంపకమో నాకు తెలుసు. దండ రాజుల కథలకు వేశాం.

రిక్షా కదిలింది. ఆమె నడిచే చోట నేను నడిచాను, నా వెనక పిల్లలు. నా పుస్తకాన్ని కూడా కుట్టిస్తానని హెడ్మిస్ట్రెస్‌ను అడిగి చంకలో పెట్టుకున్నాను. చాచా దుకాణం ముందు దండ పుస్తకాన్ని అప్పగించాక దీన్ని ఇచ్చాను. ఆయన వేళ్లతో పేజీలు జారవిడిచి చూశాడు.

"ఫికర్ చెయ్యకున్రి మేడమ్. అంచులు కోసేస్తె ఈ సున్నమంత పోతది. కొత్తదాని లెక్క చేసిస్త."

"కొయ్యకు చాచా. కుట్టు వెయ్యి చాలు."

"అంచులు వంకరగ ఉంటయి మల్ల."

"ఉండనీ."

ఆయన ఒకసారి నా మొహం చూసి, కత్తి పక్కన పెట్టాడు. దుమ్ము పోవడానికి పుస్తకాన్ని బల్లకేసి టప్పున కొట్టాడు. తెల్లటి పొడి లేచింది. ఆయనకు గట్టిగా తుమ్ము వచ్చింది.

బయట వరసలో నిలబడ్డ ఆడపిల్లలు ఒక్కసారిగా, అందరూ కలిసి, మేకపిల్లలా తుమ్మారు. రిక్షా అతను ఉలిక్కిపడ్డాడు, చౌరస్తాలో జనం ఆగి మా వైపు చూశారు. పిల్లలు నవ్వుతూ మళ్లీ తుమ్మారు, నన్ను కూడా తుమ్మమన్నట్టు చూస్తూ. నాకు రాలేదు. ఆ కథ రాసింది నేనే గానీ, ఆ మేకపిల్ల ఎట్లా తుమ్ముతుందో ఆమె వాళ్లకే నేర్పి పోయింది.