రాజోలు సైకిల్ పందెంలో ఆఖరివాడు

ఈ రోజు అమలాపురంలో సైకిల్ పందెం జరిగింది. రాజోలు వెళ్లి తిరిగి రావాలి. నేనూ, నేను పాఠాలు చెప్పే బడిలోనే లెక్కల మాస్టారు సుబ్బారావు గారూ నెల క్రితమే పేర్లిచ్చాం. తీరా ఈ వారం ఎండలు చూశాక నాకు ధైర్యం చాలలేదు. పొద్దున్నే వెళ్లి నా పేరు కొట్టించేసుకుని, ఆయన్నీ మానేయమన్నాను.

"మీరు ఆగిపోండి మాస్టారూ, తప్పేం లేదు. నాకు మాత్రం ఒకసారి తొక్కి చూడాలనుందండి," అని ఆయన తలకు తడి తువ్వాలు చుట్టుకుని, అద్దె సైకిలెక్కి వెళ్లిపోయారు.

నిజం చెబుతున్నాను, ఆయన కూడా దారిలో దిగిపోతే బాగుండునని కోరుకున్నాను. ఒంటిగంటకల్లా ఆయన తప్ప అందరూ వచ్చేశారు. నాకు లోపల హాయిగా అనిపించింది. ఇంకాసేపటికి భయం వేసింది.

రెండున్నరకి వచ్చారు. మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. ఆఖరున వచ్చినా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గెలిచినాయనకి కూడా అన్ని చప్పట్లు పడలేదు. నేను పరుగెత్తుకెళ్లి కొబ్బరి బొండం అందించాను.

"మీరు రాకపోవడమే మంచిదయ్యిందండీ. చచ్చినంత పనయ్యింది," అన్నారు నవ్వుతూ.

"ఆయ్, నేను ముందే చెప్పేను కదండీ," అన్నాను. ఆ మాట నాకే రుచించలేదు.

ఇంటికొస్తే మా ఆవిడ కూడా ఆయన్నే మెచ్చుకుంది. గెలిచినవాణ్ణి చూసి కుళ్లుకోవడం లోకంలో ఉన్నదే. ఆఖరున వచ్చినవాణ్ణి చూసి కుళ్లుకున్నవాళ్లు నేను కాక ఇంకెవరైనా ఉన్నారాండీ? ఉంటే చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది.