మా పెద్దమ్మ కుంకుమ

మా పెద్దమ్మ చెంగమ్మకు పెళ్ళయిన అయిదో నెలలో డెబ్బై ఒకటి యుద్ధం వచ్చింది. పెద్దనాన్న కృష్ణస్వామి జార్జి టౌన్‌లోని మా పసుపు మండీలో కూర్చోమంటే కూర్చోక, పంతం పట్టి నేవీలో చేరిన మనిషి. ఆయన ఎక్కిన ఓడ అరేబియా సముద్రంలో మునిగిపోయింది. తంతి వచ్చింది గానీ మనిషి రాలేదు, శవమూ రాలేదు.

మా నాయనమ్మ మొండిది. కొడుకును కళ్ళారా చూసేదాకా, బతికైనా సరే, శవమైనా సరే, కోడలి బొట్టు తీయనివ్వనంది. ఆచూకీ లేని మనిషి కోసం పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ కట్టి దహనం చేయడం మా వాళ్ళలో ఉన్న పద్ధతే. ఆ పన్నెండేళ్ళూ గడిచాక ఆ మాట చెప్పడానికి వచ్చిన పురోహితుణ్ణి వాకిట్లోంచే పంపించేసింది. ఆమె పోయాక ఆ మొండితనం మా నాన్న చిన్నస్వామికి వచ్చింది. అన్న పోయేనాటికి ఆయన బడి పిల్లవాడు. కర్మ చేయాల్సింది తనే. ఆ మాట ఎత్తితే చాలు, మూఢమనో, మండీకి సరుకు దిగుతుందనో తప్పించుకునేవాడు. చేస్తే అన్న పోయినట్టే గదా. మా నాన్నంటే నాకు ప్రాణం, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన పిరికితనం చూస్తే ఒళ్ళు మండేది.

వీళ్ళిద్దరి మధ్య నలిగింది పెద్దమ్మ. ఏటా నవంబరులో పెన్షన్ కోసం బ్యాంకుకు పోయి, బతికే ఉన్నానని సంతకం పెట్టి వచ్చేది. అక్కడ ఆమె విధవ. ఇంటికొస్తే ముత్తయిదువ. సౌకార్‌పేటలో ఎవరింట పేరంటం జరిగినా ఈమెను పిలవాలా వద్దా అని తటపటాయించేవాళ్ళు. పిలిచినా, తాంబూలం ఇచ్చే చెయ్యి కాస్త ఆగేది. కొన్నాళ్ళకు పెద్దమ్మే పోవడం మానేసింది. ఆమె ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, అలిసిపోవడమే చూశాను.

పోయిన ఏడు ఆమె గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. వయసు మీద పడింది, ఏమైనా జరగొచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు. చూడ్డానికి వచ్చిన బంధువులు, ఏదైనా అయితే పసుపు కుంకుమలతో పోతావు, పుణ్యాత్మురాలివని ఊరడించారు. వాళ్ళ నోళ్ళు పడిపోను. ఆ సాయంత్రమే పెద్దమ్మ మా నాన్నను పిలిచింది.

“చిన్నా, నాకింక ఓపిక లేదురా. రేపు నేను పోతే, మొగుడు ఉండాడని ముస్తాబు చేసి పంపిస్తారు. ఆ అబద్ధాన్ని ఆ లోకానికి గూడా మోసకపోలేను. ఆపరేషన్‌కు ముందే ఆయన పని ముగించు.”

మా నాన్న ఈసారి ఏ సాకూ చెప్పలేదు.

రాయపురం సముద్రపొడ్డున ఏర్పాటు చేశారు. ఆడవాళ్ళు రాకూడదన్నా పెద్దమ్మ వినలేదు, నా భుజం పట్టుకుని వచ్చింది. పురోహితుడు దర్భలు పరిచి, మనిషి ఎంత పొడుగని అడిగాడు. మా నాన్నకు అన్న అంటే తలెత్తి చూసిన మనిషే, ఎంతని చెప్తాడు? పెద్దమ్మ లేచి నిలబడింది. తన నడినెత్తి ఆయన గడ్డానికి తగిలేదని చెప్పి, తలమీద చెయ్యి పెట్టి చూపించింది. పురోహితుడు ఆమెను చూసి అంచనా వేసుకుని బొమ్మ కట్టాడు.

కట్టాక చూస్తే పిల్లవాడంత ఉంది. మా నాన్న దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“అంత కురచ కాదు వదినా,” అన్నాడు. “అప్పుడు నువ్వు ఇంకా పొడుగుండావు.”

నిజమే. ఇన్నేళ్ళలో ఆమె ఎంత వంగిపోయిందో, ఎంత కుంగిపోయిందో ఆ బొమ్మను చూసేదాకా మాకెవరికీ తెలియలేదు. నాకు దుఃఖం ఆగలేదు. పురోహితుడు విసుక్కోకుండా మరికొన్ని దర్భలు తీసుకుని కాళ్ళు పొడిగించాడు.

తీరా నిప్పు చేతికిస్తే మా నాన్న చెయ్యి ముందుకు రాలేదు.

“పెట్టు చిన్నా,” అంది పెద్దమ్మ. “ఇన్నేళ్ళుగా నీళ్ళల్లోనే ఉండాడు. ఒడ్డుకు తీసకరా.”

పెట్టాడు. దర్భలే కాబట్టి తొందరగానే కాలిపోయింది. ఇంటికొచ్చి స్నానం చేశాక, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పెద్దమ్మే బొట్టు తుడుచుకుంది. తాళి తీసి పాలగిన్నెలో వేసి, ఆ మధ్యాహ్నమంతా నిద్రపోయింది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చి నెలలవుతోంది. ఆమె నుదుటిమీద, ఏళ్ళ తరబడి కుంకుమ పెట్టిన చోట నల్లటి మచ్చ అలాగే ఉంది. మొన్న కొబ్బరినూనె అద్ది రుద్దబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“రుద్దబాకమ్మా. మీ నాయనమ్మ కోసం పెట్టుకునిందంతా పోయింది. ఈ కాస్తా నాది.”