అమ్మ కొట్టిన పుప్పొడి కారం

అమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయాలంటే ముందు ఒంట్లో రక్తం పెరగాలంది డాక్టరమ్మ. ఐరన్ గోళీలు రాసింది. అంతే, మా ఇంట్లో అందరికీ వైద్యం వచ్చేసింది.

అందరికంటే ముదిరింది మా అన్నకు. బార్కస్‌లో తేనె అమ్మే దుకాణం నుంచి ఓ గాజు సీసా పట్టుకొచ్చాడు. లోపల ఆవాలంత పసుపుపచ్చ గుళికలు. తేనెటీగలు కాళ్లకు అంటించుకుని తెచ్చే పుప్పొడి అట. జహనుమాలోని మా ఇంటి గడప దాటకముందే లేబుల్ చదవడం మొదలుపెట్టాడు.

"ఐరన్, జింక్, పొటాషియం, మెగ్నీషియం, ప్రోటీన్... ఏం లేదమ్మా దీంట్ల? గా గోళీలతోని కడుపు ఖరాబైతుందంటున్నవ్ గద, బంద్ చెయ్!"

"ఎంత ఐరన్ ఉందో రాసిండ్రా అన్నా?" అని అడిగాను.

"నీకు అన్నిట్ల లొల్లే."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు సీసా తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించాను. అందులో ఖనిజాలు ఉన్నమాట నిజమే, కానీ పువ్వును బట్టి మారతాయి, చెంచాడు తింటే ఇంత లోటు తీరదు, గోళీలు మానొద్దు అంది. కొందరికి అసలు పడదు, తుమ్ములు, గొంతు దురద వస్తే వెంటనే ఆపేయమంది. ఇంటికొచ్చి అంతా చెప్పాను. అమ్మ తలూపింది. మా అమ్మ తలూపిందంటే వినలేదని అర్థం.

సీసా మాత్రం రోజూ తగ్గుతోంది. అన్న గర్వం చూడాలి! ఆ నెలంతా నాకు మలక్‌పేట ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తినగానే ఒకటే తుమ్ములు, గొంతులో దురద. అంతా దుమ్ము వల్లేననుకుని, ఆఫీసు ముందు రోడ్డు తవ్వి వదిలేసినవాళ్లను నోరారా తిట్టుకున్నాను.

అమ్మకు మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే, పెరగకపోగా తగ్గింది. ఆపరేషన్ వాయిదా పడింది. వెతికితే గోళీల పట్టీలు బియ్యం డబ్బా వెనక చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మరి సీసలదైన తిన్నవా?" అన్నాడు అన్న.

"గది ఉత్తగ ఎట్ల తింటర్రా? మంచిగ వేంచి, పల్లీలు, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయలేసి పొడి కొట్టిన."

"కొట్టి?" అన్నాను, అప్పటికే అనుమానం వచ్చి.

"ఇంట్ల కూసునేదాన్ని, నాకెందుకే గంత బలం? పొద్దుగాల పోయి పొద్దుమీకి వస్తున్నవ్. మొఖం పీక్కపోయింది. నీ టిఫిన్‌ల పెడుతున్న."

దేవుడా! తల ఎక్కడ బాదుకోను? "రక్తం లేంది నీకా, నాకా?" అని వీధంతా వినపడేలా అరిచాను. అరుస్తుంటేనే ఏడుపొచ్చింది. అమ్మ నా వీపు నిమురుతూ ఫికర్ చెయ్యకు బిడ్డా అంటుంటే ఇంకా మండింది.

మర్నాడు అమ్మకు రక్తం పడుతుందని పొద్దున్నే అన్నతో మేక కార్జం తెప్పించి వండించాను. ఎదురుగా నిలబడి గోళీ మింగించాను. ఇక దారికొచ్చిందనుకుని ఆఫీసుకు పోయాను.

మధ్యాహ్నం టిఫిన్ తెరిస్తే పొడి లేదు. అన్నం కలపబోతే, అడుగున దాచిపెట్టిన కార్జం ముక్కలు చేతికి తగిలాయి.